పసుపు జెండా ఊపినప్పుడు రైడర్ కుడి చెయ్యి ఏం చేస్తోంది?

శని, ఆదివారాల్లో పాత మోటార్‌సైకిళ్ళ రేసులకి వెళ్ళి ట్రాక్ పక్కన జెండాలు ఊపుతానని చెబితే ఇక్కడ ఇంగ్లండ్‌లో మనవాళ్ళు రెండు ప్రశ్నలు అడుగుతారు. డబ్బులిస్తారా? ఇవ్వరు. మరెందుకు? ఈ రెండోదానికి పార్టీల్లో ప్లేటు పట్టుకుని నిలబడి జవాబు చెప్పడం నా వల్ల కావడం లేదు, మొదలుపెట్టేలోపే ఎవరో ఒకరు బిర్యానీ వచ్చిందని పిలుస్తారు. అందుకే ఇక్కడ రాస్తున్నా. అయితే నాకెందుకు ఇష్టమో కాదు, ఎక్కడ ఒళ్ళు మండుతుందో రాస్తాను, అది చదివితే మిగతాది మీకే అర్థమవుతుంది.

ముందు క్లాసిక్ రేసింగ్ అంటే ఏంటో రెండు ముక్కల్లో. 1950ల నుంచి 80ల దాకా వచ్చిన బైకుల్ని మ్యూజియంలో పెట్టి తుడుచుకోకుండా ట్రాక్ మీదకి తెచ్చి పందెం వేసుకోవడం. మాంక్స్ నార్టన్, మ్యాచ్‌లెస్ జీ50, ఏజేఎస్ 7ఆర్, యమహా టీజెడ్, వాటి మధ్యలో మనం రాజ్‌దూత్ పేరు మీద చూసిన ఆర్డీ 350కి అన్నదమ్ములు. నేనుండేది లెస్టర్‌లో, మాలరీ పార్క్ ఇక్కడికి దగ్గర, కొంచెం ఓపిక చేసుకుంటే లింకన్‌షైర్‌లో కాడ్‌వెల్ పార్క్. నడిపేవాళ్ళు ప్లంబర్లు, పళ్ళ డాక్టర్లు, రిటైరైన టీచర్లు. యాభై దాటినవాళ్ళు బోలెడుమంది, డెబ్భై దాటినవాళ్ళూ ఉంటారు. గెలిస్తే వచ్చేది అరచెయ్యంత కప్పు. స్పాన్సర్ అంటూ ఉంటే అది బావమరిది గ్యారేజీ.

ఇది వింటే ముసలాళ్ళ సరదాలా ఉంటుంది. కంచె దగ్గర నిలబడి ఒక్కసారి చూస్తే ఆ మాట అనరు. బాగా తయారుచేసిన మాంక్స్ నార్టన్ గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది, దాన్ని ఆపడానికి ముందు చక్రానికి ఉన్నది డ్రమ్ బ్రేకు. నాలుగు ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ నాలుగు చుట్లు, అయ్యేసరికి ఆ డ్రమ్ము వేడెక్కి, లివర్ ఎంత నొక్కినా మొదటి ల్యాపులో పట్టినంత గట్టిగా పట్టదు. చాలా బ్రిటిష్ బైకులకి గేర్ కుడికాలి వైపు, వెనక బ్రేకు ఎడమకాలి వైపు ఉంటాయి. మన దగ్గర పాత బుల్లెట్ నడిపినవాళ్ళకి ఇది కొత్త కాదు, ఆఫీసుకి కొత్త బండి మీద వెళ్ళి ఆదివారం దీని మీద కూర్చునేవాడికి మాత్రం కంగారులో ఏ కాలు ఎక్కడ నొక్కాలో ఒక్క క్షణం తడబాటు వస్తుంది. ఆ క్షణంలో ఏమవుతుంది? గంటకు 160 మీద వెళ్ళేవాడు ఒక్క సెకనులో 44 మీటర్లు దాటేస్తాడు.

అంటే కొత్త రేసు బైకుల కంటే ఈ పాత బైకులకే జెండా ముందుగా కనబడాలి, రైడర్ ముందుగా తగ్గాలి. నేను చూసినంతలో జరిగేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. కుర్రాళ్ళ రేసుల్లో పసుపు జెండా దగ్గర వెధవ్వేషాలు వేస్తే లైసెన్సుకి దెబ్బ తగులుతుందని భయం ఉంటుంది. ఇక్కడ అందరూ పాతికేళ్ళ నుంచి స్నేహితులు, ఒకరి స్పానర్ ఒకరు వాడుకుంటారు, రాత్రికి కలిసి బార్బెక్యూ. ఎవరు ఎవర్ని ఏమంటారు?

పసుపు జెండా ఊపితే అర్థం ఇంతే: ముందు ప్రమాదం ఉంది, వేగం తగ్గించు, అవసరమైతే ఆగడానికి సిద్ధంగా ఉండు, ఆకుపచ్చ జెండా దాటేదాకా ఎవర్నీ ఓవర్‌టేక్ చెయ్యకు. ఒక జెండా ఊపితే ట్రాక్ పక్కన ఏదో ఉన్నట్టు, రెండు కలిపి ఊపితే ట్రాక్ మీదే అడ్డం ఉన్నట్టు. మన హైవే మీద లారీ పాడైతే వెనకాల వేపకొమ్మలు, నాలుగు రాళ్ళు పెడతారు చూడండి, ఇదీ అదే పని. ఆ కొమ్మలు లారీ కోసం పెట్టినవి కావు, లారీ కింద పడుకుని జాకీ తిప్పుతున్న క్లీనర్ కోసం పెట్టినవి. పసుపు జెండా కూడా పడిపోయిన బైకు కోసం కాదు. ఆ బైకు దగ్గరికి పరిగెత్తిన మనిషి కోసం. ఆ మనిషి ఒంటి మీద ఉన్నది ఆరెంజ్ బట్టలు మాత్రమే, తోలు సూటూ లేదు, వీపుకి ప్రొటెక్టరూ లేదు.

మిగతా జెండాలు గబగబా చెప్పేస్తాను. ఎరుపంటే అంతా ఆపేసి మెల్లగా పిట్స్‌కి, అంటే ట్రాక్ పక్కన బైకులు చూసుకునే చోటికి, రావడం. పసుపు మీద ఎర్ర నిలువు చారలంటే ట్రాక్ జారుడుగా ఉంది, నూనె కావచ్చు ఇంకేదైనా కావచ్చు. తెల్ల జెండా మీద ఎర్రగా అడ్డంగా కొట్టేసినట్టుంటే చినుకులు మొదలయ్యాయని. నీలం అంటే నిన్ను ఒక చుట్టు వెనకేసి దాటడానికి వెనకాల వేగంగా ఒకడొస్తున్నాడు, నీ దారిలో నువ్వు పో, హఠాత్తుగా పక్కకి తిరక్కు. చాలామంది కొత్తవాళ్ళు నీలం చూడగానే మర్యాదగా పక్కకి జరగబోయి వెనకవాడి ముందుకే వెళ్తారు, ఆ మర్యాద వద్దు. నల్ల జెండాతో నంబరు చూపిస్తే నువ్వు లోపలికి రా అని. నల్లటి దాని మీద ఆరెంజ్ బొట్టు ఉంటే దాని కథ వేరు, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

పోస్టు దగ్గర, అంటే మేం జెండాలు పట్టుకుని నిలబడే చోట, పని ఎలా ఉంటుందంటే, జెండా వాళ్ళు వీలైతే ఇద్దరిద్దరు ఉంటారు, ఒకరికొకరు ఎదురు దిక్కులు చూస్తూ. నీలం పట్టుకున్నవాడు వచ్చే బైకుల వైపు చూస్తాడు, పసుపు పట్టుకున్నవాడు ముందున్న మలుపు వైపు. అంటే పసుపు నా చేతిలో ఉన్నప్పుడు బైకులు నా వెనక నుంచి వస్తుంటాయి, వాటిని చూసేది నా జోడీ, నేను చూసేది పడబోయేవాణ్ణి. ఒకర్నొకరు నమ్మకపోతే ఆ పని చెయ్యలేం. జెండాని కర్రకి చుట్టి, గుడ్డ అంచు వేళ్ళ మధ్య నొక్కి పెట్టుకోవాలి, వదలగానే విచ్చుకోవాలి. ఊపేటప్పుడు ఎనిమిది అంకె గీసినట్టు తిప్పాలి, లేకపోతే గుడ్డ కర్రకే చుట్టుకుపోయి రైడర్‌కి ఊరికే ఒక కర్ర కనబడుతుంది. వానలో తడిసిన జెండా బరువు భుజానికి తెలుస్తుంది, పొద్దున్న కాదు, సాయంత్రం మంచం మీద పడుకున్నాక. ట్రెయినింగ్‌లో మొట్టమొదట చెప్పేది మాత్రం జెండాల గురించి కాదు. బైకులు తిరుగుతున్నప్పుడు కూర్చోకు, ట్రాక్‌కి నీ అంతట నువ్వు వీపు పెట్టకు, పెట్టాల్సి వస్తే నీ వెనక ఒకడు కాపలా ఉండాలి.

ఇప్పుడు ఒళ్ళు మండిన సంగతి. ఏ ట్రాక్, ఏ క్లబ్ అన్నది వదిలేయండి, ఎక్కడైనా జరిగేదే.

హెయిర్‌పిన్, అంటే వెనక్కి తిరిగినట్టుండే మలుపు, నుంచి బయటికొచ్చే చోట ఒక 350 టూ స్ట్రోక్ వెనక చక్రం జారి పడింది. రైడర్ లేచి కుంటుకుంటూ గడ్డిలోకి వచ్చేశాడు. బైకు మాత్రం ట్రాక్ అంచున పక్కకి పడి ఉంది, ట్యాంకు మూత దగ్గర నుంచి పెట్రోలు సన్నగా కారుతోంది, వెనక చక్రం ఇంకా తిరుగుతోంది. నేను పసుపు ఊపుతున్నాను, నా పక్కనున్నాయన రెండో పసుపు తీశాడు. మా పోస్టులో ఒకావిడ ఉంది, నర్సుగా చేసి రిటైరైంది, అరవై దాటింది, అయినా బైకు హ్యాండిల్ పట్టి లేపడంలో ఆవిడ తర్వాతే మేమంతా. ఆవిడా ఇంకో కుర్రాడూ పరిగెత్తారు. నలుగురు రైడర్లు గుంపుగా వచ్చారు. మొదటి ముగ్గురూ మా జెండాలు చూసిన చోటే యాక్సిలరేటర్ వదిలేశారు, వినబడుతుంది అది, ఇంజిన్ శబ్దం ఒక్కసారి కిందికి పడిపోతుంది. నాలుగోవాడి శబ్దం తగ్గలేదు. ముందున్న ముగ్గురూ తగ్గారు కాబట్టి వాళ్ళ లోపలి వైపు ఖాళీ దొరికింది, దూరిపోయాడు, ఇద్దరిని దాటేశాడు. బైకు లేపుతున్న ఆవిడకి చెయ్యి చాస్తే అందేంత దూరంలో నుంచి వెళ్ళిపోయాడు. ఆవిడ తలెత్తి కూడా చూడలేదు, బైకుని తోసుకుంటూ బారికేడ్ వెనక్కి తెచ్చి, గ్లౌజులు తీసి, అప్పుడు ఒక మాట అంది, అది ఇక్కడ రాయను.

మేం రేడియోలో నంబరు చెప్పాం, రిపోర్టు రాసిచ్చాం. మధ్యాహ్నం ప్యాడాక్‌లో, రైడర్లు బైకులు పెట్టుకునే ఆవరణలో, ఆ మనిషి ఎదురుపడ్డాడు, టీ కప్పు పట్టుకుని, చాలా మర్యాదస్తుడు. ఏమన్నాడంటే, వాళ్ళు అంత హఠాత్తుగా తగ్గుతారనుకోలేదు, నేనూ బ్రేకు వేసుంటే వాళ్ళ మీదకే పోయేవాణ్ణి, పక్క నుంచి వెళ్ళడమే సేఫ్ అనిపించింది అని. వినడానికి సబబుగానే ఉంటుంది. వాళ్ళు హఠాత్తుగా తగ్గలేదు బాబూ, జెండా చూసి తగ్గారు, నువ్వు జెండా చూడకుండా వాళ్ళ వెనక చక్రం చూస్తున్నావు. సరే, పొరపాటున దాటేశావనుకుందాం, దానికీ దారి ఉంది. అంతర్జాతీయ రూల్‌బుక్‌లోనే రాసి ఉంది, పసుపు కింద దాటేశానని తెలిసిన వెంటనే చెయ్యెత్తి, దాటినవాళ్ళని మళ్ళీ ముందుకి పోనిస్తే శిక్ష ఉండదు. ఎంత తేలికో చూడండి. ఆ మనిషి అదీ చెయ్యలేదు, ఆ రెండు స్థానాలూ జేబులో వేసుకుని రేసు ముగించాడు. క్లబ్ వాళ్ళు పిలిచి మెత్తగా ఒక మాట చెప్పి పంపించేశారు. పాత మెంబరు కదా.

‘చూడలేదు’ అనే సాకు నాకు ఇంకా కోపం తెప్పిస్తుంది. నిజంగానే చూడకపోవచ్చు, కాదనను. చిన్న విండ్‌స్క్రీన్ వెనకాల గడ్డం ట్యాంకుకి ఆనించి వంగి ఉంటాడు, హెల్మెట్ లోపల కళ్ళజోడు మసకేస్తుంది, చూపంతా మలుపు లోపలి అంచు మీద ఉంటుంది, పైగా సాయంత్రం ఎండ ఎదురు. కానీ జెండా పోస్టులు రేసు మధ్యలో మొలకెత్తవు. పొద్దున్న ప్రాక్టీసులో మొదటి ల్యాపు దేనికి? పోస్టు ఎక్కడుందో, ఏ మలుపుకి ముందు తల ఎటు తిప్పాలో గుర్తుపెట్టుకోడానికి. బ్రేకింగ్ పాయింట్ ఏ చెట్టు దగ్గరో నెల తర్వాత అడిగినా చెప్పగలవాడు జెండా పోస్టు కనబడలేదంటే ఎలా నమ్మాలి? కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్ళు ఆరెంజ్ జాకెట్ వేసుకుని తిరుగుతారు, వీళ్ళు కొత్తవాళ్ళని వెనకొచ్చేవాళ్ళకి తెలియడానికి. నా అనుభవంలో ఆ జాకెట్ వాళ్ళు పోస్టు పోస్టుకీ తల తిప్పి చూస్తారు. ఇబ్బందంతా ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళతోనే.

ఇక నూనె. క్లాసిక్ రేసుల్లో అసలు శత్రువు ఇదే. అరవై ఏళ్ళ కిందటి ఇంజిన్లు, అప్పట్లోనే కారేవి. అందుకే రేసుకి ముందు తనిఖీలో ఇన్‌స్పెక్టర్లు నూనె దగ్గరే ఎక్కువసేపు ఉంటారు. డ్రెయిన్ బోల్టు వైబ్రేషన్‌కి ఊడిపోకుండా సన్నటి తీగతో బిగించి కట్టారా, ఇంజిన్ గాలి వదిలే బ్రీతర్ పైపు చివర నూనె పట్టే సీసా ఉందా, ఇంజిన్ కింద కారిన నూనెని పట్టి ఉంచే తొట్టి ఉందా అని. ఇవన్నీ ఉన్నా కారుతుంది. కారితే మేం సిమెంటు పొడి బస్తా పట్టుకుని వెళ్ళి చల్లి, చీపుళ్ళతో రుద్దుతాం. గాలి ఎదురైతే సగం సిమెంటు మన నోట్లోకే. తర్వాత ట్రాక్ మీద బూడిద రంగు చార ఒకటి మిగులుతుంది, తెలిసిన రైడర్లు ఆ చారకి అటో ఇటో నడుపుతారు.

ఈ నూనె గురించి మాట్లాడితే 1973 మే 20 గుర్తు చెయ్యకుండా ఉండలేం. ఇటలీలో మోంజా. 350 సీసీ రేసులో వాల్టర్ విల్లా నడిపిన బెనెల్లీ బైకు చివరి ల్యాపుల్లో నూనె కార్చుకుంటూ తిరిగింది, పాయింట్ల కోసం దాన్ని రేసు ముగిసేదాకా నడిపించారు. ఆ తర్వాత అదే ట్రాక్ మీద 250 సీసీ రేసు. మధ్యలో ట్రాక్ శుభ్రం చెయ్యలేదు, నూనె ఉందని హెచ్చరించే జెండా చూపలేదు అన్నది అప్పటి నుంచీ ఉన్న ఆరోపణ. జాన్ డాడ్స్ అనే ఆస్ట్రేలియన్ రైడర్ అధికారుల దగ్గరికి వెళ్ళి నూనె ఉందని మొత్తుకుంటే, ఎక్కువ మాట్లాడితే పోలీసులతో బయటికి పంపిస్తామన్నారని చెబుతారు. రేసు మొదలైంది. మొదటి ల్యాపులోనే కుర్వా గ్రాండే అనే వేగమైన మలుపులో ఇటలీ రైడర్ రెంజో పసోలిని పడ్డాడు, వెనకే వస్తున్న ఫిన్లండ్ రైడర్ యార్నో సారినెన్ తప్పించుకోలేకపోయాడు, వాళ్ళ వెనక పదిమందికి పైగా ఒకరి మీద ఒకరు. ట్రాక్ అంచునే ఇనుప బారికేడ్, దాని ముందు గడ్డిమోపులు, బైకులు దానికి కొట్టుకుని మళ్ళీ ట్రాక్ మీదకే వచ్చాయి. పసోలినికి 34, సారినెన్‌కి 27. ఇద్దరూ అక్కడే పోయారు. సారినెన్ అంతకు ముందు ఏడాదే 250లో ప్రపంచ చాంపియన్, ఆ ఏడాది డేటోనా రేసు గెలిచాడు, ఇమోలా రేసు గెలిచాడు, ఎవరికీ అందని ఫామ్‌లో ఉన్నాడు. యమహా ఆ సీజన్‌కి టీమునే వెనక్కి తీసుకుంది.

అధికారిక విచారణ మాత్రం నూనె కాదు, పసోలిని ఇంజిన్ జామ్ అయిందని తేల్చింది. దాని మీద ఇప్పటికీ పాతవాళ్ళు ప్యాడాక్‌లో వాదించుకుంటారు. ఇద్దరు పెద్దమనుషులు ఇదే విషయం మీద టీ చల్లారిపోయేదాకా వాదించుకోవడం నేనే చూశాను, ఇద్దరూ అప్పుడు స్కూలు పిల్లలు. నాకు మాత్రం ఆ వాదనలో ఎవరు గెలిచినా ఒకటే. నూనె వల్ల పడ్డాడో ఇంజిన్ పట్టేసి పడ్డాడో గానీ, నూనె కారే బైకుని పాయింట్ల కోసం తిప్పారన్నదీ, మొత్తుకున్నవాడి నోరు మూయించారన్నదీ ఏ కారణం చెప్పినా ఒప్పయిపోవు.

ఇలాంటి బైకుల కోసమే ఆ నల్ల జెండా మీద ఆరెంజ్ బొట్టు. దాంతోపాటు నంబరు చూపిస్తే, నీ బైకులో ఏదో లోపం ఉంది, నీకూ ఇతరులకీ ప్రమాదం, వెంటనే ట్రాక్ వదిలి వెళ్ళిపో అని. పిట్స్ దాకా వెళ్దాంలే అనుకోకూడదు, అక్కడే దిగిపోవాలి. ఇది చూపించడంలో ఒక తిప్పలుంది. మేం పొగ చూసి, నంబరు చదివి, రేడియోలో చెప్పి, అవతలివాళ్ళు నిర్ణయించి, బోర్డు మీద నంబరు పెట్టి చూపించేలోపు బైకు ఒకటో రెండో ల్యాపులు తిరిగేస్తుంది. ఆ రెండు ల్యాపుల నూనె ఎవరి టైర్ల కిందికి? ఆ జెండా రాకముందే ఆగవలసింది రైడరే. కాలి మీద వెచ్చగా ఏదో తగిలినప్పుడు, కింద నుంచి కొత్త వైబ్రేషన్ వచ్చినప్పుడు అందరికంటే ముందు తెలిసేది అతనికే.

అలా ఆగినవాళ్ళనీ చూశాను కాబట్టే ఇంకా వెళ్తున్నాను. ఒకాయన, పెద్దాయన, సింగిల్ సిలిండర్ 500 మీద రెండో స్థానంలో ఉన్నాడు, ఇంక కొన్ని ల్యాపులే. మా పోస్టుకి ముందున్న స్ట్రెయిట్‌లో ఎడమ చెయ్యి పైకి లేచింది. చెయ్యి దించకుండానే, వెనక ఒకసారి చూసుకుని, అందరూ వెళ్ళే దారి వదిలేసి గడ్డి అంచుకి జరిగి, మా బారికేడ్ సందు దగ్గర దిగి, బైకుని లోపలికి తోసేశాడు. మొత్తం మీద ఎవరికీ జెండా ఊపే అవసరం రాలేదు. వంగి చూస్తే కుడి బూటు మడమ మీద ఒక్క నూనె చుక్క, చిక్కగా, అంతే. నేనైతే ఆ చుక్క చూసి ఆగుండేవాణ్ణో లేదో. ఆయన మాత్రం ఇంజిన్ కింద వేలు పెట్టి రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని, టీ ఉందా అన్నాడు. టూ స్ట్రోక్ వాళ్ళకి చెయ్యెత్తడం కుదరదు ఒక్కోసారి, ఇంజిన్ పట్టేస్తే ఎడమ చేత్తో క్లచ్ నొక్కే ఉంచాలి, అప్పుడు కాలు పక్కకి చాపి చూపిస్తారు. వెనకవాడికి అదే జెండా.

పెద్ద ట్రాక్‌ల మీద ఈ వ్యవహారం ఇంకా భయంగా ఉంటుంది. ఇంగ్లండ్‌కీ ఐర్లండ్‌కీ మధ్యనున్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో మాంక్స్ గ్రాండ్ ప్రి రేసు జరిగే కొండ దారి ఒక ల్యాపు 60.7 కిలోమీటర్లు, ఇళ్ళ గోడల మధ్య, రాతి వంతెనల మీదుగా. 1911 నుంచి ఆ కొండ మీద రేసులు నడుస్తున్నాయి. అక్కడ ఎర్ర జెండా అంటే ఒక్కచోట ఊపితే సరిపోదు, దారంతా ఉన్న వందల మంది మార్షల్స్‌కి, అంటే మాలాంటి జెండా వాళ్ళకి, కబురు చేరాలి, ప్రతి రైడర్ ఎక్కడున్నాడో తెలియాలి. 2018 మే 30న అదే దారి మీద జరిగే టీటీ అనే రేసు ప్రాక్టీసులో డాన్ నీన్ చనిపోయినప్పుడు ఎర్ర జెండా చూపి రైడర్లని ఆపి, వచ్చిన దారినే వెనక్కి పంపారు. అలా వెనక్కి వస్తున్న స్టీవ్ మెర్సర్‌కి, ప్రమాదం జరిగిన చోటికి అధికారులతో వెళ్తున్న కారు ఎదురొచ్చి గుద్దింది. మెర్సర్ బతికాడు, చాలా తీవ్రమైన గాయాలతో. జెండా చూసి ఆగినవాడు, చెప్పినట్టు విన్నవాడు, తప్పంతా అవతలి వైపు. ఆ తర్వాతే ఎదురు దిక్కులో బైకుల్ని పంపాల్సి వస్తే ముందూ వెనకా మార్షల్ బైకులు ఉండాలన్న రూలు పెట్టారు, 2022కి ఎలక్ట్రానిక్ ఎర్ర సిగ్నళ్ళూ, బైకులకి జీపీఎస్సూ వచ్చాయి. క్రమశిక్షణ అని రైడర్లని తిట్టేటప్పుడు నేను ఇది కూడా తలుచుకుంటాను, ఆ మాట మాకూ వర్తిస్తుంది. మేం ఊరికే పసుపు ఊపితే, ప్రమాదం తీసేశాక కూడా బద్ధకించి ఊపుతూ నిలబడితే, తర్వాతిసారి ఎవడూ తగ్గడు. తగ్గనివాడిది ఎంత తప్పో, అనవసరంగా ఊపినవాడిదీ అంతే.

మన వైపు సంగతి అడుగుతారేమో. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్ళే దారిలో షోలవరం ఉంది, రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే, దాని మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు ఏళ్ళ తరబడి రేసులు పెట్టారు, 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర అసలైన ట్రాక్ వచ్చేదాకా. మా పెదనాన్న నెల్లూరు నుంచి స్నేహితులతో వెళ్ళి చూసొచ్చినవాడే. ఎజ్డీలు, ఆర్డీలు, దుమ్ము, జనం గురించి గంటలు గంటలు చెబుతాడు. జెండాలు ఎలా ఊపేవారు పెదనాన్నా అంటే, గళ్ళ జెండా ఒకటి ఉండేదిరా, మిగతావి ఎవరు చూశారు అంటాడు. ప్రేక్షకుడు కాబట్టి చూడకపోయినా ఫరవాలేదు.

ఇంతకీ ఆ నాలుగోవాడి లాంటి వాళ్ళని ఏం చెయ్యాలి? జరిమానా వేస్తే కట్టేస్తారు, ఖరీదైన కార్బ్యురేటర్ల గురించి కబుర్లు చెప్పుకునే మనుషులకి యాభై పౌండ్లు లెక్కా. పది సెకన్లు కలిపితే అరచెయ్యంత కప్పు పోతుంది, ఇంట్లో అలాంటివి చాలానే ఉంటాయి. నన్నడిగితే మిగిలిన రేసులు ఆపేసి, ఆరెంజ్ ఓవరాల్ ఒకటి తొడిగించి, ఆ నర్సమ్మ పక్కన నిలబెట్టాలి. బారికేడ్ దాటి పడిన బైకు దగ్గరికి ఒక్కసారి పరిగెత్తించాలి, వెనక నుంచి నాలుగు ఇంజిన్ల శబ్దం వస్తుండగా, అవి తగ్గుతాయో లేదో వింటూ. మా క్లబ్ మీటింగులో ఈ మాట అన్నాను, నవ్వారు, అయినా మినిట్స్‌లో రాసుకున్నారు.

ఇంగ్లండ్‌లో ఉండి ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా ఆసక్తి ఉంటే, మీ దగ్గరి ట్రాక్‌లో రేసులు పెట్టే క్లబ్‌కి ఒక మెయిల్ పెట్టండి, మార్షల్స్ కొరత ఎప్పుడూ ఉంటుంది, ఎవరూ మీ ఉద్యోగం, ఊరు అడగరు. ట్రెయినింగ్ వాళ్ళే ఇస్తారు. మొదట్లో జెండా చేతికివ్వరు, చీపురిస్తారు, అలగొద్దు. వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, ఒక జత ఎక్స్‌ట్రా సాక్సు, చెవులకి ప్లగ్గులు తీసుకెళ్ళండి. మధ్యాహ్నం వాళ్ళిచ్చే శాండ్‌విచ్ మనకి ఏ మూలకీ రాదు, పులిహోర కలుపుకుని వెళ్ళడం మంచిది, కాస్త ఎక్కువే కలపండి, పోస్టులో మిగతావాళ్ళు రెండోసారి అడుగుతారు.